దొడ్లో కుళాయి ముట్టుకుంటే కరెంటు జిల్లుమంటోంది, మెయిన్ ఆపినా పోవట్లేదు

పర్లాకిమిడి_పాతిల్లు:

అందరికీ నమస్తే అండి. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. తాతగారి కాలంనాటి ఇల్లు, వీధి పొడుగునా వరసగా ఉండే ఇళ్ళల్లో ఒకటి, అటూ ఇటూ గోడలు ఉమ్మడివే, వీధి గుమ్మంలో నిలబడితే దొడ్డి గుమ్మం దాకా తిన్నగా కనిపిస్తాది. ముందు గదుల్లో ఇప్పటికీ చెక్క బద్దల మీద నల్ల రబ్బరు వైరే, రెండు కన్నాల ప్లగ్గులే, పింగాణీ ఫ్యూజులే. వెనక వంటిల్లు, స్నానాల గది తర్వాత కట్టినవి, అక్కడ ప్లాస్టిక్ పట్టీల్లో వైరు లాగి మూడు కన్నాల ప్లగ్గులు పెట్టారు గానీ ఆ మూడో కన్నం వెనక వైరు ఎక్కడికి పోతాదో మాకెవరికీ తెలీదు.

సమస్య ఏటంటే, వర్షాలు పడ్డ దగ్గర్నుంచి స్నానాల గదిలో కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోంది. పొడి చేత్తో, చెప్పులతో పట్టుకుంటే ఏమీ లేదు, తడి కాళ్ళతో పట్టుకుంటే తెలుస్తాది. పగలు తక్కువ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎక్కువ. పొద్దున్న ఒక్కోసారి ఉన్నట్టుండి గట్టిగా కొడతాది, నిమిషమో రెండు నిమిషాలో ఉండి మళ్ళీ తగ్గిపోతాది. అమ్మకి డెబ్భై దాటాయి, గుండెకి మందులు వాడుతోంది, నా భయమంతా అదే. టెస్టరు పెడితే కుళాయి మీద వెలుగుతోంది, తడిసిన గోడ మీద కూడా మసగ్గా వెలుగుతోంది. మెయిన్ ఆపేసి చూశాను, అయినా వెలుగుతోంది!! మా ఇంట్లో కరెంటే లేనప్పుడు మా కుళాయిలోకి ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

ఇంకొన్ని సంగతులు కూడా రాసేస్తున్నా, సంబంధం ఉందో లేదో తెలీదు. ఎండాకాలంలో మా వీధిలో నీళ్ళ లైను మార్చారు, పాత ఇనప పైపు తీసేసి నల్ల ప్లాస్టిక్ పైపు వేశారు, గుమ్మం దగ్గర్నుంచి లోపలికి మాత్రం పాత జీఐ (జింకు పూత ఇనప) పైపే, అది పక్కింటికీ మాకూ కలిపి ఒకటే, ఉమ్మడి గోడలో చీలుతాది. పక్కింట్లో రిటైరైన మాస్టారు ఉంటారు, వాళ్ళ వెనక గది అద్దెకిచ్చారు, ఆ అద్దెకున్న కుర్రాళ్ళు ఈమధ్య ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, మిక్సీ తిరగట్లేదు, ఓల్టేజి లేదు అంటున్నారు. మా ఇంట్లో ఓల్టేజి బాగానే ఉంది.

ఇక్కడి మిస్త్రీ ఒకాయన చూసి "గీజరు ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న వైరు ముక్క కలిపేస్తే అంతా పోతాది బాబూ" అన్నారు. పాతపట్నం నుంచి వచ్చిన ఇంకొకాయన దొడ్లో గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పాతాలి, ఎనిమిది వేలు అవుతాది అన్నారు. ఏది చేయించాలి? ఒకవేళ పక్కింటి నుంచే వస్తుంటే మాస్టారితో ఎలా మాట్లాడాలి? నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మనిషి, మీ ఇంటి లోపం మా మీద పెడతారా అంటే నేను తట్టుకోలేను.

రాయగడ_వైరింగ్:

తమ్ముడూ, మిగతా మాటలు తర్వాత, ముందు ఆ స్నానాల గదికి తాళం వేసీండి. అమ్మగారికి ఇంకో చోట ప్లాస్టిక్ బకెట్టుతో నీళ్ళు పెట్టండి. గుండెకి మందులు వాడే మనిషి, తడి కాళ్ళు, ఇనప కుళాయి, ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. గీజరు ప్లగ్గు కూడా పీకి పక్కన పెట్టీండి.

న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ముక్క కలిపే పని అస్సలు చేయించొద్దు. మన వైపు చాలా ఇళ్ళల్లో చూస్తుంటాను, కలపగానే టెస్టరు ఆరిపోతాది, ఇంటివాళ్ళు సంబరపడి డబ్బులిచ్చేస్తారు. అసలు ఏం జరుగుతాదో వినండి. మీవి పింగాణీ ఫ్యూజులు అన్నారు, అలాంటి పాత బోర్డుల్లో కరెంటు తెచ్చే ఫేజు వైరుకొకటి, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్‌కొకటి రెండు ఫ్యూజులుంటాయి. ఏదోరోజు న్యూట్రల్ ఫ్యూజు పోయిందనుకోండి, దీపాలన్నీ ఆరిపోతాయి, కరెంటు పోయిందనుకుంటారు మీరు, కానీ ఫేజు వస్తూనే ఉంటాది, స్విచ్చి వేసి ఉన్న ఏ బల్బులోంచో ఫ్యానులోంచో దూరి న్యూట్రల్ వైరు మీదికి వచ్చేస్తాది, అక్కణ్ణుంచి మీరు కలిపిన ముక్క మీదుగా గీజరు బాడీకి, ఫ్రిజ్జు బాడీకి, నీళ్ళకి. కరెంటు లేదనుకుని చీకట్లో తడుముకుంటున్న ఇంట్లో ముట్టుకున్న ప్రతి ఇనప వస్తువూ కొడతాది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినా ఇదే కథ. 2018లో తిత్లీ తుఫాను పోయాక మన వైపు ఎన్ని స్తంభాలు, ఎన్ని సర్వీసు వైర్లు మళ్ళీ వేశారో మీకు తెలుసు కదా, ఆ హడావుడిలో ఫేజు న్యూట్రల్ తిరగబడిపోయిన ఇళ్ళు నేనే సరిచేసినవి ఉన్నాయి, అలాంటి ఇంట్లో ఈ ముక్క ఉంటే ఇంక ఫ్యూజు పోనక్కర్లేదు, తిన్నగా 230 వోల్టులు బాడీ మీదే కూర్చుంటాయి.

మెయిన్ ఆపినా వెలుగుతోంది అన్నారు. మీ మెయిన్ రెండు వైర్లనీ విడదీస్తాదా, ఒక్కదాన్నేనా? ఒక్కదాన్నే విడదీసే రకమై, పైన చెప్పినట్టు సర్వీసు తిరగబడి ఉంటే మీరు ఆపింది న్యూట్రల్‌ని, ఫేజు ఇంకా ఇంట్లోనే ఉంది. అందుకని పని తెలిసిన మిస్త్రీని పిలిచి, మెయిన్ ఆపి, రెండు ఫ్యూజులూ పీకించి అప్పుడు చూడండి. అప్పటికీ కుళాయిలో ఉంటే అది మీ మీటరు కరెంటు కాదు.

గుణుపురం_కుర్రోడు:

అంత భయపడక్కర్లేదు బ్రదర్. మా ఇంట్లో కూడా న్యూట్రల్ ఎర్త్ కలిపే ఉంది ఎప్పట్నుంచో, ఎవరికీ ఏమీ కాలేదు. టెస్టరు వెలిగితే కరెంటు ఉన్నట్టు కాదు, ఊరికే ఇండక్షన్ వల్ల కూడా వెలుగుతాది. రబ్బరు చెప్పులేసుకుని స్నానం చేస్తే సరి, వర్షాలు తగ్గి గోడలు ఆరితే అదే పోతాది.

రాయగడ_వైరింగ్:

గుణుపురం తమ్ముడు చెప్పిందాంట్లో ఒక మాట నిజమే, నియాన్ టెస్టరు చాలా కొద్ది కరెంటుకే వెలుగుతాది, పక్కన ఫేజు వైరు పోతుంటే ఎటూ కలపని వైరు మీద కూడా వెలుగుతాది, డిజిటల్ మీటరు కూడా అలాంటి చోట ఉత్తుత్తి అంకెలు చూపిస్తాది. తేల్చుకోవాలంటే మీటరు పెట్టిన చోటే 15 వాట్ల పాత రకం బల్బు కూడా తగిలిస్తాం, ఉత్తి ఇండక్షన్ అయితే బల్బు తగలగానే అంకె పడిపోతాది, నిజం కరెంటైతే నిలబడతాది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఇది మిస్త్రీ చేసే పని, ఇంట్లోవాళ్ళు చెయ్యొద్దు.

కానీ ఇక్కడ టెస్టరు కాదు, మనిషే చెప్తోంది జిల్లుమంటోందని. చెప్పులు వేసుకున్నా తడి గోడకి మోచెయ్యి ఆనితే చాలు, దారి దొరికినట్టే. ఇంతకాలం ఏమీ కాలేదంటే మీ న్యూట్రల్ ఇంతకాలం తెగలేదని అర్థం, అంతే. నీ ఇంట్లో ఆ ముక్క తీయించు తమ్ముడూ, వాదన కోసం కాదు, నీ మంచికే చెప్తున్నాను.

బరంపురం_రిటైర్డ్_ఇంజనీరు:

బాబూ, సంబంధం ఉందో లేదో తెలీదు అంటూ మీరు రాసిన పేరాలోనే విషయమంతా ఉందనిపిస్తోంది. వీధి పైపు ప్లాస్టిక్ అయ్యాకే ఇది మొదలైంది. సాయంత్రం ఎక్కువ. పొద్దున్న ఒకటి రెండు నిమిషాలు గట్టిగా. పక్కింటి వెనక గదిలో ఫ్యాను నెమ్మది, మిక్సీ తిరగదు, మీకేమో ఓల్టేజి బాగుంది. నా అనుమానం, ఆ వెనక గదికి సరైన న్యూట్రల్ లేదు, నీళ్ళ పైపునే న్యూట్రల్‌గా వాడుతున్నారు. గోడ లోపల న్యూట్రల్ తెగితే గోడ పగలగొట్టే బదులు పైపుకి వైరు చుట్టి దీపం వెలిగించి వెళ్ళిపోయే వాళ్ళు గంజాం నుంచి కోరాపుట్ దాకా ఉన్నారు, నా సర్వీసంతా చూశాను.

పాత ఇనప లైను ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, వీధులన్నీ కలిపి భూమిలో పాతిన ఇనప పైపు కంటే మంచి ఎర్త్ ఉండదు, దాని అడ్డు ఒకటి రెండు ఓములు కూడా ఉండకపోవచ్చు (ఓములంటే కరెంటు దారిలో ఉన్న అడ్డుకి కొలత, ఎంత తక్కువుంటే అంత మంచి ఎర్త్). ఫ్యాను తీసుకునే కరెంటు ఆంపియరులో మూడో వంతు, అది ఒక ఓము మీదుగా భూమిలోకి పోతే పైపు మీద వోల్టు కూడా లేవదు. ఫ్యాను బాగా తిరుగుతుంది, కుళాయి మీద ఏమీ తెలియదు. ఇప్పుడు వీధిలో ప్లాస్టిక్ వేశారు, భూమిలో మిగిలింది మీ గుమ్మం దగ్గరి నాలుగడుగుల ఇనప ముక్క. దాని ఎర్త్ 250 ఓములు ఉందనుకుందాం. 75 వాట్ల ఫ్యాను సుమారు 700 ఓములు. రెండూ వరసగా ఉన్నాయి కాబట్టి 230 వోల్టుల్లో ఫ్యానుకి 170 చిల్లర, పైపు మీద 60. అందుకే వాళ్ళ ఫ్యాను నెమ్మది, అందుకే మీకు జిల్లు. సాయంత్రం దీపాలు కూడా వేస్తే కరెంటు పెరిగి పైపు మీద ఓల్టేజి ఇంకా లేస్తుంది. 500 వాట్ల మిక్సీ సుమారు 100 ఓములే, అది వేసినప్పుడు పైపు మీద 160 దాకా వస్తాయి, మిక్సీకి మిగిలేది 70, అది ఏం తిరుగుతుంది? పొద్దున్న మీకు గట్టిగా కొట్టేది వాళ్ళు పచ్చడి రుబ్బుదామని స్విచ్చి వేసినప్పుడే అయ్యుంటుంది, ఒకసారి గమనించండి, అమ్మగారిని మాత్రం దగ్గరికి రానివ్వకుండా.

ఇంతవరకూ ప్రాణం మీదికి రాకపోవడానికి కారణం, మీ కాళ్ళ కింద తడి నేల కూడా ఆ పైపుతో పాటు కొంత ఓల్టేజికి లేచి ఉంటుంది, చేతికీ కాళ్ళకీ మధ్య ఉన్న తేడాయే ఒంట్లోంచి పోతుంది. ఒక మిల్లీ ఆంపియరు పోతే తెలుస్తుంది, పది దాకా వస్తే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టం, ముప్ఫై దాటి కాస్త సేపు పోతే గుండె లయ తప్పే ప్రమాదం. ఎంత పోతుందనేది ఆ రోజు నేల ఎంత తడిగా ఉంది, చర్మం ఎంత నానింది అన్నదాన్ని బట్టి మారుతుంది, అందుకే నిన్న జిల్లుమన్నది రేపు జిల్లుతోనే ఆగుతుందని అనుకోకండి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. చాలా కొత్త మీటర్ల మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, పక్కన ఎర్త్ అనో ఈఎల్ అనో రాసి ఉంటుంది. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది వెలుగుతుంది. మాస్టారి మీటరు వీధి వసారాలోనే ఉంటుంది కదా, అది వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే మీరు నిందించాల్సిన పనే లేదు, "మాస్టారూ, మీ మీటరు మీద ఎర్త్ లైటు వెలుగుతోంది, మీ వైరింగులో లీకు ఉన్నట్టుంది, ఒకసారి చూపిద్దామా, మిస్త్రీని నేనే తెస్తాను" అంటే చాలు. లెక్కలు చెప్పిన మనిషికి పైన రాసిన లెక్క కూడా చూపించండి, కాదనరు.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (వెళ్ళిన కరెంటు తిరిగి రాకుండా లీకైతే తనంతట తానే పడి కరెంటు ఆపేసే స్విచ్చి) పెట్టుకుంటే ఇది ఆగుతుందా అని ఎవరైనా అడుగుతారు, ముందే చెప్తున్నాను, ఆగదు. మీ ఆర్‌సీసీబీ చూసేది మీ మీటరు దాటి వెళ్ళే కరెంటుని మాత్రమే. పక్కింటి మీటరు నుంచి బయల్దేరి మీ కుళాయి మీదుగా భూమిలోకి పోయే కరెంటు దానికి కనబడదు. అది వాళ్ళ బోర్డులో ఉండాలి, ఉండి ఉంటే పైపుకి వైరు చుట్టిన నిమిషంలోనే పడిపోయేది.

పర్లాకిమిడి_పాతిల్లు:

సార్, మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది!! మాస్టారి మీటరు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. పర్లాకిమిడిలోనే ఒక మంచి మిస్త్రీ దొరికారు, రాయగడ అన్నియ్య చెప్పినట్టు మా మెయిన్ ఆపి రెండు ఫ్యూజులూ పీకి, దొడ్లో దూరంగా ఇనప ఊచ పాతి, కుళాయికీ ఆ ఊచకీ మధ్య మీటరు పెడితే 58 వోల్టులు చూపించింది, పాత బల్బు తగిలిస్తే ఎర్రగా మసగ్గా వెలిగింది, అంకె కొంచెం తగ్గి నిలబడింది. అదే కుళాయికీ స్నానాల గది నేలకీ మధ్య చూస్తే 16.

అప్పుడు మాస్టారి దగ్గరికి వెళ్ళి మీరు రాసిన మాటలే చెప్పాను. కోప్పడలేదు సార్, కళ్ళజోడు పెట్టుకుని ఆ లెక్క మొత్తం చదివి, ఆయనే లేచి వెళ్ళి వాళ్ళ మెయిన్ ఆపారు. ఆపగానే మా కుళాయి మీద సున్నా. మళ్ళీ వేస్తే 58. వెనక గదిలో స్విచ్చి బోర్డు విప్పితే నల్ల వైరు ఒకటి గోడ బయటికి వచ్చి పైపు మోచెయ్యి దగ్గర చుట్టి ఉంది, మీద సున్నం కొట్టేశారు కాబట్టి ఎవరికీ కనబడలేదు. అసలు న్యూట్రల్ అల్యూమినియం వైరు, గోడలో అతుకు దగ్గర కాలిపోయి ఉంది. మాస్టారు మొహం చూడలేకపోయాను, మీ అమ్మకేమైనా అయ్యుంటే నేనేం చేసేవాణ్ణిరా అని అదే మాట అంటున్నారు. పైపు వైరు అక్కడికక్కడే తీసేశాం, ఆ గదికి కొత్త రాగి వైర్లు లాగుతున్నారు.

ఇంకోటి బయటపడింది. మా వెనక ప్లగ్గుల్లో మూడో కన్నం వైరు కూడా అదే పైపుకి క్లాంపు వేసి కట్టి ఉంది. అంటే ఇన్నాళ్ళూ మా ఫ్రిజ్జు బాడీ, వాషింగ్ మెషిన్ బాడీ కూడా ఆ 58 మీదే ఉన్నాయన్న మాట. ఇప్పుడు కుళాయి మీద ఏమీ లేదు గానీ మాకు ఎర్తే లేదు. ఎర్త్ గొయ్యి పెట్టిస్తే చాలా, ఆర్‌సీసీబీ కూడా కావాలా? మాస్టారు కూడా అడుగుతున్నారు.

బరంపురం_రిటైర్డ్_ఇంజనీరు:

చాలా సంతోషం బాబూ, మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పైపు ముక్కని ఏ ప్లంబరో కోసి ఉంటే రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఉండేవాడు, ఆ కోత దగ్గర ఒక వైపు భూమి, ఇంకో వైపు ఫ్యానులోంచి వచ్చే 230. అది తప్పింది, చాలు.

రెండూ కావాలి, కానీ ముందు ఏది అంటే ఆర్‌సీసీబీ. కారణం చెప్తాను. మన ఊళ్ళల్లో స్తంభం నుంచి వచ్చేవి రెండే వైర్లు, ఫేజు, న్యూట్రల్. ఎర్త్ మనమే పాతుకోవాలి. గొయ్యి బ్రహ్మాండంగా వచ్చి 10 ఓములు ఉందనుకోండి. గీజరు ఎలిమెంటు చిట్లి ఫేజు బాడీకి తగిలింది, 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. మీరు గీజరుకి 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చి) పెట్టారనుకోండి, అది వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కి అది వేడెక్కుతూ నిమిషాల తరబడి ఆగుతుంది, అప్పటిదాకా గీజరు బాడీ మీద సగానికి పైగా ఓల్టేజి నిలబడే ఉంటుంది. ఎర్త్ 50 ఓములైతే నాలుగున్నర ఆంపియర్లే, ఎంసీబీకి అది మామూలు లోడు, ఎప్పటికీ పడదు. కాబట్టి గొయ్యి పెట్టించాం కదా ఇక భయం లేదు అనుకోవడం తప్పు, చాలామంది మంచివాళ్ళు ఈ నమ్మకంతోనే ఉన్నారు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఐతే ఎర్త్ వంద ఓములున్నా సరే, లీకు 30 చేరేలోగానే పడిపోతుంది, 0.3 సెకన్ల లోపు. ఎర్త్ అస్సలు లేకపోయినా మనిషి ఒంట్లోంచి పోయే కరెంటుకి పడుతుంది, అయితే అప్పుడు మనిషికి ఒక దెబ్బ తగిలాకే పడుతుంది, ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. ఎర్త్ విలువ అక్కడుంది. కొనేటప్పుడు ఐఎస్ 12640 (భారత ప్రమాణం) ముద్ర చూసుకోండి, ఇంటికి 30 మిల్లీయే తీసుకోండి, 100, 300 రకాలు మంటలు రాకుండా చూడటానికే గానీ మనిషి ప్రాణానికి కాదు. రెండు వేలకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఒక్క ఆర్‌సీసీబీ షార్టునీ ఓవర్‌లోడునీ ఆపదు, దాంతో పాటు ఎంసీబీ ఉండాల్సిందే. ఆ పింగాణీ ఫ్యూజుల్లో న్యూట్రల్ వైపుది తీసేయించండి, న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదు, రెండు వైర్లనీ ఒకేసారి విడదీసే మెయిన్ పెట్టించండి.

పైపు విషయం. ఉమ్మడి గోడ దగ్గర జీఐ పైపు కోయించి ఒక మూర ప్లాస్టిక్ ముక్క వేయించండి, రెండిళ్ళ ఇనప పైపులూ విడిపోతాయి. కోసే ముందు రెండిళ్ళ మెయిన్లూ ఆపించి, మిస్త్రీ చేత మీటరుతో చూపించాకే ప్లంబరుని ముట్టుకోనివ్వండి.

బల్లార్షా_తెలుగు:

మాది మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా బల్లార్షా. గొయ్యి గురించి నాలుగు ముక్కలు చెప్తా. ఎనిమిది వేలన్నడు కదా, ఏం వేస్తడో ముందే అడుగున్రి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, లోపల 40 మిల్లీమీటర్లు, ఐఎస్ 3043ల ఉన్న పద్ధతి అది. చానా మంది మీటరు ముక్క పాతి మీద సిమెంటు చేసి పోతరు, పైకి చూస్తె తెల్వదు. అందుకే గొయ్యి పూడ్చక ముందు దగ్గర నిలబడి చూడున్రి, ఫోటో తీస్కోన్రి. ఉప్పు ఎక్కువ పోస్తె మొదట్ల ఓములు మంచిగ వస్తయ్ గని అదే ఉప్పు పైపుని తినేస్తది, కొన్నేండ్లకు తవ్వి చూస్తె పైపు జల్లెడలెక్క ఉంటది. మా దిక్కు నల్లరేగడి, ఎండాకాలం భూమి పగిలి పైపు చుట్టూ సందు వస్తది, ఎర్త్ ఉన్నట్టే ఉంటది కని పని చెయ్యది, అందుకే మేం బెంటొనైట్ మట్టి పోస్తున్నం, అది తడి పట్టి ఉంచుతది. మీ దిక్కు మట్టి వేరే కావచ్చు, కని ఎండల్ల గొయ్యిల నీళ్ళు పొయ్యడం మాత్రం మర్చిపోకున్రి. కొలిపించేది కూడ ఎండాకాలమే కొలిపించున్రి, వానల్ల కొలిస్తె ఎవ్వరి గొయ్యైనా మంచిగనే చూపిస్తది. కొలిచేది ఎర్త్ మెగ్గర్ (గొయ్యి ఓములు కొలిచే మీటరు) తోటి, బల్బు తోటి కాదు. ఫేజుకి ఎర్త్‌కి నడుమ వంద వాట్ల బల్బు పెడితె తీసుకునేది అర ఆంపియరు కూడ కాదు, 30 ఓముల గొయ్యిల కూడ ఫుల్లుగనే వెలుగుతది.

పర్లాకిమిడి_పాతిల్లు:

అందరికీ మరీ మరీ థ్యాంక్స్ అండి. గొయ్యి పెట్టించాం, దగ్గరుండి చూశాను, మెగ్గర్‌తో 8 ఓములు వచ్చింది, ఎండాకాలంలో మళ్ళీ కొలిపిస్తాను. పైపులో ప్లాస్టిక్ ముక్క కూడా వేయించాం. మాస్టారింట్లోనూ మా ఇంట్లోనూ ఆర్‌సీసీబీలు పెట్టించాం. వాళ్ళింట్లో బాగానే ఉంది, మా ఇంట్లో మాత్రం ముందు గదిలో ట్యూబులైటు వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది, ఆ లైటు, హాల్లో ఫ్యాను ఇన్వర్టరు మీద ఉన్నాయి. ఇన్వర్టరు బైపాస్ చేసి పాత లైను మీద వేసినా పడుతోంది. మిస్త్రీ "ఆర్‌సీసీబీ మరీ సున్నితం, తీసేద్దాం" అంటున్నారు. తీయించడం నాకిష్టం లేదు.

రాయగడ_వైరింగ్:

తీయించొద్దు తమ్ముడూ, అది తన పని తాను చేస్తోంది. ఇన్వర్టరు పెట్టిన పాత ఇళ్ళల్లో నూటికి తొంభై చోట్ల ఇదే గొడవ. ఇన్వర్టరు పెట్టినప్పుడు ఫేజు మాత్రం విడిగా లాగి, న్యూట్రల్ దగ్గర్లో ఏది దొరికితే దానికి కలిపేస్తారు. మీ ఆర్‌సీసీబీ ఎక్కడ పెట్టారో చూడండి, ట్యూబులైటుకి ఫేజు ఆర్‌సీసీబీ తర్వాత నుంచి వెళ్ళి, న్యూట్రల్ దానికి ముందు ఉన్న పాత బోర్డు న్యూట్రల్‌లో కలిసి ఉంటాది. అప్పుడు వెళ్ళిన కరెంటు దాని లోంచి తిరిగి రాదు, లీకు అనుకుని పడుతాది. 40 వాట్ల ట్యూబులైటు తీసుకునేది 30 మిల్లీ ఆంపియర్లకి ఎన్నో రెట్లు ఎక్కువ, పడకపోతేనే ఆశ్చర్యం.

మిస్త్రీకి ఇలా చెప్పండి. ముందు గదుల న్యూట్రల్ వైర్లన్నీ పాత బోర్డులోంచి ఒక్కొక్కటీ విప్పి, ఏది ఏ గదిదో కాగితం అంటించి, ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్స్ వేరే కడ్డీకి, మామూలు లైన్లవి వేరే కడ్డీకి తెచ్చి, రెండు కడ్డీలూ ఆర్‌సీసీబీ దాటాకే ఉండేలా చెయ్యాలి. రబ్బరు వైరు ఎక్కడ వంచినా పొట్టు రాలిపోతుంటే అక్కడ కలపడం దండగ, ఆ గదికి కొత్త వైరు లాగించీండి, చెక్క బద్దల మీది వైరు కదా, గోడ తవ్వక్కర్లేదు. ఆర్‌సీసీబీ మీద టి అని రాసిన బటన్ నెలకోసారి నొక్కుతూ ఉండండి, కానీ అది నొక్కితే పడిందంటే ఆర్‌సీసీబీ బాగుందనే అర్థం, ఎర్త్ బాగుందని కాదు, ఎర్త్ లేకపోయినా ఆ బటన్ పనిచేస్తాది.

ఇంకోటి, వైర్లు విప్పే రోజు మెయిన్ ఒక్కటే కాదు, ఇన్వర్టరు కూడా ఆపించి దాని అవుట్‌పుట్ వైరు విడదీయించండి. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు లేచి అవే వైర్లలోకి 230 పంపిస్తాది, మిస్త్రీకి అది గుర్తులేకపోవచ్చు, మీరు గుర్తుచెయ్యండి.